ఏ ఊరి ఎలుకకు ఆ ఊరి బలం

ప్లేగు బొంబాయికి 1896లో వచ్చింది. రేవు పక్కన మాండ్వీ పేటలో, ధాన్యం గోదాముల మధ్య మొదలై, అక్కణ్ణుంచి రైలెక్కి దేశం మీద పడింది. ఇంటి చూరులోంచి చచ్చిన ఎలుక రాలిపడిందంటే చాలు, జనం ఊరు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకుని కాలం గడిపిన రోజులవి. ఆ రోజుల్లో మనుషులు పడ్డ పాట్లు చరిత్ర పుస్తకాల్లో బాగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఎలుకల సంగతి. ఎందుకంటే ప్లేగు అసలు ఎలుకల జబ్బు. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడ్డాక, దాని బొచ్చులో బతికే పురుగులు వేరే దిక్కులేక మనిషిని కుడతాయి. మన వంతు వచ్చేసరికే ఎలుకలు గుట్టలుగా చచ్చి ఉంటాయి.

అయితే అన్నీ చావలేదు. ఆ మిగిలిన ఎలుకల గురించే ఈ ప్రసంగం.

ప్లేగు మీద పరిశోధనకు 1905లో ఒక కమిషన్ వేశారు. బొంబాయి పరేల్‌లో ఇవాళ హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ప్రయోగశాల వాళ్ళ కేంద్రం. అక్కడ చేసిన పనుల్లో ఒకటి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. వేర్వేరు ఊళ్ళ నుంచి బతికున్న ఎలుకల్ని బోనుల్లో తెప్పించి, అన్నిటికీ ఒకే మోతాదులో ప్లేగు క్రిమిని ఎక్కించి చూశారు. బొంబాయి ఎలుకల్లో ఎక్కువ భాగం తట్టుకుని లేచి తిరిగాయి. మద్రాసు ఎలుకలు మాత్రం అదే మోతాదుకి టపటపా రాలిపోయాయి. రెండూ ఒకే జాతి నల్ల ఎలుకలు. తేడా ఒక్కటే: బొంబాయిని ప్లేగు ఏళ్ళ తరబడి పీడించింది, మద్రాసు నగరం వైపు పెద్దగా తొంగిచూడలేదు.

బొంబాయి ఎలుకలు అప్పటికే ఒకసారి జబ్బుపడి తేరుకున్నవేమో, అందుకే తట్టుకున్నాయేమో అని మీకు అనుమానం రావచ్చు. వాళ్ళకీ వచ్చింది. అందుకని ఆ ఎలుకలకు ప్రయోగశాలలోనే పిల్లలు పెట్టించి, ప్లేగు మొహం ఎరగని ఆ పిల్లల మీదా పరీక్ష చేశారు. అవీ గట్టిగానే నిలబడ్డాయి. అంటే ఆ బలం పుట్టుకతో వస్తోంది. 1930లలో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌కి మొదటి భారతీయ డైరెక్టరయిన సాహిబ్ సింగ్ సోఖీ ఇదే పరీక్షను దేశంలోని అనేక ఊళ్ళ ఎలుకల మీద చేయించారు. ఏ ఊరు ప్లేగును ఎంత చూసిందో, ఆ ఊరి ఎలుకకు దాదాపు అంత బలం కనిపించింది.

ఎలుక మూడు నాలుగు నెలల వయసుకే తల్లి అవుతుంది. మనకు ఒక తరం గడిచేలోపల వాటికి యాభై తరాలు దాటిపోతాయి. ప్లేగు వచ్చిన ప్రతిసారీ తట్టుకోలేనివి పోయి, తట్టుకున్నవి పిల్లల్ని కన్నాయి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం మన గోదాముల్లో, మన పెద్దల కళ్ళముందే జరిగిపోయింది.

ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టిన మనిషికీ మన దేశంతో సంబంధం ఉంది. ఆయన జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో పేరుమోసిన శాస్త్రజ్ఞుడు. 1957లో ఆ దేశం వదిలి కలకత్తా వచ్చేశారు, భారత పౌరుడయ్యారు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. 1949లో ఆయన జబ్బులకూ పరిణామానికీ ఉన్న సంబంధం మీద చిన్న వ్యాసం ఒకటి రాశారు. అందులోని వాదం ఇది. రోగక్రిమి ఎప్పుడూ తనకు ఎక్కువగా ఎదురయ్యే రకం శరీరానికి అలవాటుపడుతుంది. ఆ సమయంలో నలుగురిలో కలవని, అరుదైన రకం జంతువు ఏదైనా ఉంటే దానిమీద క్రిమి ఎత్తు పారదు. అది బతుకుతుంది, దాని సంతానం పెరుగుతుంది. పెరిగి పెరిగి అదే మామూలు రకం అయ్యేసరికి, క్రిమి మళ్ళీ దానికి అలవాటుపడుతుంది. ఈ ఆటలో శాశ్వతమైన గెలుపు ఎవరికీ లేదు. అందువల్ల ఒకే జాతిలో జన్యువుల రకాలు పక్కపక్కనే వేల ఏళ్ళు నిలిచిపోతాయి.

రోగనిరోధక శక్తిని పెంచుతామని డబ్బాల మీద రాసి పొడులు అమ్ముతున్న కాలమిది. హాల్డేన్ ఉండి ఉంటే డబ్బా తిప్పి చూసి, ఏ రోగానికి బాబూ అని అడిగేవారు.

ఇక ఆ జన్యువులు ఏమిటో చూద్దాం. హాల్డేన్ దగ్గర లండన్‌లో జన్యుశాస్త్రం నేర్చుకున్న యువ వైద్యుడు పీటర్ గోరర్. 1936 ప్రాంతంలో ఆయన చిట్టెలుకల రక్తంతో పనిచేస్తూ ఒక విషయం పట్టుకున్నారు. ఒక ఎలుక కణితిని ఇంకో ఎలుకలో నాటితే, కొన్నిటిలో అది పెరుగుతోంది, కొన్నిటిలో శరీరం దాన్ని తోసిపారేస్తోంది. ఈ తేడా రక్తకణాల మీదుండే ఒక గుర్తును బట్టి వస్తోంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ లేబొరేటరీలో జార్జ్ స్నెల్ ఇదే ప్రశ్నను మరో వైపు నుంచి తవ్వుతున్నారు. యుద్ధం ముగిశాక గోరర్ అక్కడికి వెళ్ళారు. ఇద్దరూ కలిసి తాము వెతుకుతున్నది ఒకే చోటు అని 1948లో తేల్చారు. దానికి హెచ్-2 అని పేరు పెట్టారు. చిట్టెలుక పదిహేడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. మధ్యలో 1947 అక్టోబరులో కార్చిచ్చు వచ్చి జాక్సన్ లేబొరేటరీ కాలిపోయింది, వేల ఎలుకలు బూడిదయ్యాయి. అంతకుముందు అక్కణ్ణుంచి ఎలుకలు తీసుకెళ్ళిన ప్రయోగశాలలు వాటి సంతానాన్ని తిరిగి పంపించి ఆ వంశాల్ని నిలబెట్టాయి. స్నెల్‌కి 1980లో నోబెల్ బహుమతి వచ్చింది. గోరర్ 1961లోనే చనిపోయారు.

అవయవం మార్పిడి చేసినప్పుడు తోసిపారేయడమే ఆ జన్యువుల పని అనుకుంటే విచిత్రంగా ఉంటుంది. ప్రకృతిలో ఎలుకకు ఎవరు ఆపరేషన్ చేస్తారు? అసలు పని ఏమిటో 1974 నాటికి ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ చెప్పారు. వాళ్ళు వాడింది కూడా చిట్టెలుకల్నే, చిట్టెలుకల్లో సహజంగా తిరిగే ఒక వైరస్‌నే. మార్కెట్ యార్డులో వ్యాపారి ధాన్యం బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు బయటికి తీసి చూస్తాడు. బస్తా విప్పకుండానే లోపల సరుకేమిటో తెలిసిపోతుంది. ఒంట్లో ప్రతి కణమూ తన లోపలి సరుకును ఇలా తానే బయటికి తీసి చూపిస్తుంటుంది. లోపల తయారయ్యే ప్రోటీన్లను ముక్కలు చేసి, ఎనిమిది తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కల్ని ఒక గాడిలో ఇరికించి, కణం ఒంటిమీద నిలబెడుతుంది. కాపలా తిరిగే టి-కణాలు వచ్చి చూస్తాయి. ముక్క మనదైతే ముందుకు పోతాయి. వైరస్‌దైతే ఆ కణాన్ని అక్కడే చంపేస్తాయి. ఆ గాడిని తయారుచేసే జన్యువులే హెచ్-2 జన్యువులు.

గాడి ఆకారాన్ని బట్టి దాంట్లో ఏ ముక్కలు పడతాయన్నది ఉంటుంది. ఒక రకం గాడిలో ఈ వైరస్ ముక్క చక్కగా కూర్చుంటుంది, ఆ వైరస్ ముక్క అసలు నిలవదు. ఇంకో రకంలో తారుమారు. తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి వేరొక రకం వచ్చిన ఎలుకకు రెండు విధాల గాడులు దొరుకుతాయి కనుక ఎక్కువ వైరస్‌లు దొరికిపోతాయి. పొలాల్లో, ఇళ్ళలో పట్టిన చిట్టెలుకల్ని పరీక్షిస్తే, చాలావాటిలో ఈ రెండూ వేర్వేరుగానే ఉంటాయి. న్యూయార్క్‌లో 1976లో మొదలైన ప్రయోగాల్లో ఇంకో వింత బయటపడింది. చిట్టెలుకలు జోడీని ఎంచుకునేటప్పుడు వాసన చూసి, చాలావరకు తమకంటే భిన్నమైన హెచ్-2 ఉన్నదాని వైపు మొగ్గు చూపుతున్నాయి. మనం మేనరికాలు చేసుకుంటూ ఎలుకల్ని చిన్నచూపు చూడటం ఏం న్యాయమో నాకు తెలియదు.

1988లో ఆస్టిన్ హ్యూజ్, మసతోషి నెయ్ అనే ఇద్దరు ఈ జన్యువుల డీఎన్ఏ అక్షరాల్ని లెక్కబెట్టారు. ఇది కొంచెం నిదానంగా వినండి, ఎందుకంటే అసలు సాక్ష్యం ఇక్కడే ఉంది. డీఎన్ఏలో ఒక అక్షరం మారితే రెండు రకాలుగా జరగవచ్చు. ప్రోటీన్ మారిపోవచ్చు, లేదా అక్షరం మారినా ప్రోటీన్ అలాగే ఉండిపోవచ్చు. మామూలు జన్యువుల్లో ప్రోటీన్‌ని మార్చే మార్పులు చాలా తక్కువగా మిగులుతాయి, ఎందుకంటే పనిచేస్తున్నదాన్ని కదిలిస్తే చెడిపోయేదే ఎక్కువ. వీళ్ళు మనిషిలోనూ చిట్టెలుకలోనూ గాడి జన్యువుల్ని చూశారు. గాడి తప్ప మిగతా ప్రోటీన్ అంతా అదే పద్ధతిలో ఉంది. సరిగ్గా ముక్క కూర్చునే చోట మాత్రం లెక్క తలకిందులైంది, ప్రోటీన్‌ని మార్చే మార్పులే ఎక్కువగా నిలిచాయి. అంటే అక్కడ కొత్తదనానికి ప్రకృతి పట్టం కడుతోంది. ఒకే జన్యువులో ఒక భాగాన్ని ముట్టుకోనివ్వకుండా, పక్కనే ఉన్న భాగాన్ని ఎడాపెడా మార్చుతూ పోవడం యాదృచ్ఛికంగా జరిగే సంగతి కాదు. క్రిముల ఒత్తిడే దానికి అన్నిటికంటే సహజమైన కారణంగా కనిపిస్తుంది.

అదే సంవత్సరం జర్మనీలోని ట్యూబింగెన్‌లో యాన్ క్లైన్ బృందం ఇంకా పెద్ద మాట చెప్పింది. చిట్టెలుకలో ఉన్న కొన్ని హెచ్-2 రకాలు, తోటి చిట్టెలుకలో ఉన్న రకాలకంటే పెద్ద ఎలుకలో ఉన్న రకాలకే దగ్గరగా ఉన్నాయి. ఈ రెండు జాతులూ విడిపోయి కోటి ఏళ్ళకు పైనే అయింది. జాతులు విడిపోకముందు ఉన్న ఆ రకాల వంశాలు రెండు వైపులా కొనసాగుతూ వచ్చాయి. హాల్డేన్ చెప్పిన ఆట అంత కాలంగా సాగుతోందన్నమాట. ఎవరూ గెలవకపోవడం వల్లనే ఎవరూ అంతరించలేదు.

ఇంత వైవిధ్యం ఉన్న జంతువుని మనం ప్రయోగశాలకు ఎలా తెచ్చామో తెలుసా? పూర్తిగా ఆ వైవిధ్యాన్ని తీసేసి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రాన్‌బీలో అబీ లాత్రోప్ అనే మాజీ బడిపంతులమ్మ ముచ్చట కోసం పెంచుకునే రంగురంగుల చిట్టెలుకల్ని పెంచి అమ్మేది. ప్రపంచంలో ఎక్కువగా వాడే, బ్లాక్ సిక్స్ అని ముద్దుపేరున్న నల్ల చిట్టెలుకల వంశం ఆమె ఎలుకల నుంచి వచ్చినదే. ఇరవై తరాలు, అంతకుమించి, అన్నాచెల్లెళ్ళను జతకట్టిస్తూ పోతే దాదాపు ప్రతి జన్యువుకూ ఉండే రెండు నకళ్ళూ ఒక్కలాగే అయిపోతాయి. ప్రయోగానికి అది అవసరమే. ఒకే మందు రెండు ఎలుకలకిస్తే ఫలితం ఒకటే రావాలి కదా. మన హైదరాబాద్‌లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా దశాబ్దాలపాటు ఇలాంటి ఎలుకల్ని పెంచి దేశంలోని ప్రయోగశాలలకు పంపింది.

కానీ ఈ పద్ధతికి మనం ఏం చెల్లించామో ఒక ఉదాహరణ చెబుతాను. 1960ల మొదట్లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు జాన్ లిండెన్‌మన్, ఏ-టు-జి అనే వంశం చిట్టెలుకలకు ఫ్లూ వైరస్ ఎక్కించినా చావకపోవడం గమనించారు. మిగతా వంశాలు ఆ మోతాదుకి చస్తున్నాయి. ఈ ఎలుకకు ఏదో అదనపు బలం ఉందనుకున్నారు. తర్వాత ఆ జన్యువు దొరికింది, ఎమ్ఎక్స్-1 అని పేరు పెట్టారు. తీరా చూస్తే ఆ బలం అదనపుది కాదు, మామూలుగా ఉండవలసినదే. మిగతా ప్రయోగశాల ఎలుకల్లో చాలావాటిలోనే ఆ జన్యువు ముక్క ఊడిపోయో, మధ్యలో తెగిపోయో పనికిరాకుండా ఉంది. అడవి చిట్టెలుకల్లో చాలావాటికి అది ఆరోగ్యంగా ఉంది. అంటే దశాబ్దాలపాటు మనం ఫ్లూ పరిశోధన చేసిన ఎలుకలు ఫ్లూకి కాపలాదారుని పోగొట్టుకున్నవి.

వైరస్ వైపు నుంచి కూడా ఒక మాట. చిట్టెలుకల్లో తిరిగే సైటోమెగలోవైరస్, ఎమ్-157 అనే ప్రోటీన్ ఒకటి తయారుచేస్తుంది. అది చూడటానికి హెచ్-2 ప్రోటీన్ లాగే ఉంటుంది. సహజ హంతక కణాలు అని కొన్ని తెల్లరక్తకణాలున్నాయి. ఎదుటి కణం మీద హెచ్-2 కనిపిస్తే అవి చంపకుండా వదిలేస్తాయి. వైరస్ ఆ వేషం వేసుకుని తప్పించుకుంటుంది. బ్లాక్ సిక్స్ ఎలుకల్లో మాత్రం కథ అడ్డం తిరిగింది. వాటికున్న ఎల్‌వై-49-హెచ్ అనే గ్రాహకం ఆ వేషాన్నే పట్టుకుని, వదిలేయడానికి బదులు చంపమని కణానికి చెబుతుంది. 2002లో ఇది బయటపడింది. తర్వాత వైరస్‌ని ఈ ఎలుకల్లో పెంచితే కొద్ది వారాల్లోనే ఆ ప్రోటీన్‌ని మార్చేసుకున్న, వదిలేసుకున్న వైరస్‌లు పైకి వచ్చాయి. ఈ గ్రాహకాల జన్యువులు ఒక్కో వంశంలో ఒక్కో లెక్కన ఉంటాయి: బాల్బ్-సి అనే వంశంలో 8, వన్-ట్వెంటీ-నైన్ అనే వంశంలో 19, చెడిపోయినవాటితో కలిపి. మనుషుల్లో ఈ కుటుంబమే పనిచేయదు, మనం ఇదే పనికి పూర్తిగా వేరే కుటుంబం జన్యువుల్ని వాడుకుంటున్నాం. ఆఫ్రికా నేలలో సొరంగాలు తవ్వుకుని బతికే బొచ్చులేని మోల్-ర్యాట్‌లో అయితే ఆ హంతక కణాలే కనిపించవు. పోగొట్టుకోవడం కూడా పరిణామమే.

ఇక మసినగుడి చిట్టెలుక. నీలగిరి కొండల దిగువన, ముదుమలై అడవి పక్కన ఉన్న ఊరు మసినగుడి. అక్కడ పట్టిన ఇంటి చిట్టెలుకల సంతానాన్ని సి-ఐ-ఎమ్ అనే పేరుతో ఫ్రాన్స్‌లో పెంచారు. ఇంటి చిట్టెలుక పుట్టినిల్లు బహుశా మన ఉపఖండం చుట్టుపక్కలే, అందుకే మన ప్రాంతపు చిట్టెలుకల్లో జన్యు వైవిధ్యం చాలా ఎక్కువ. యూరప్‌లోనివి ఈ ప్రాంతాల నుంచి వలసపోయిన కొమ్మలు.

ఈ చిట్టెలుక ప్రత్యేకత బయటపడింది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల. దాని లైంగిక దశ పిల్లుల పేగుల్లోనే జరుగుతుంది. పిల్లిలోకి వెళ్ళడానికి దానికున్న ముఖ్యమైన దారుల్లో ఎలుక ఒకటి. ఎలుక మెదడులో, కండల్లో తిత్తులుగా మారి, ఎలుకను పిల్లి తినేదాకా కాచుకుని ఉంటుంది. అలా కాచుకోవాలంటే ఎలుక బతికుండాలి. కానీ ఈ పరాన్నజీవుల్లో కొన్ని రకాలు ప్రయోగశాల ఎలుకల్ని వారం పది రోజుల్లో చంపేస్తాయి. కొన్ని పరాన్నజీవులు ఎక్కించినా చాలు. ఎలుక చస్తే పరాన్నజీవి తిత్తి కట్టకముందే దారి మూసుకుపోతుంది. మరి ఇంత తెలివితక్కువ పరాన్నజీవి ప్రకృతిలో ఎలా నిలిచింది? జర్మనీలోని కొలోన్‌లో జొనాథన్ హోవర్డ్ బృందాన్ని ఈ ప్రశ్న చాలాకాలం వేధించింది.

చిట్టెలుక కణంలోకి టాక్సోప్లాస్మా దూరగానే, తన చుట్టూ ఒక పొర సంచి కట్టుకుని లోపల దాక్కుంటుంది. ఐఆర్‌జి అనే ప్రోటీన్లు ఆ సంచి మీదికి చేరతాయి. పొర ముడతలు పడి పగులుతుంది, లోపలిది బయటపడి చస్తుంది. చిట్టెలుకల్లో ఈ కుటుంబం జన్యువులు ఇరవైకి పైనే. మనిషిలో ఈ వ్యవస్థ దాదాపు కూలిపోయింది, ఒకటో రెండో మిగిలాయి. ప్రాణాంతకమైన టాక్సోప్లాస్మా ఏం చేస్తుందంటే, ఆర్ఓపి-18, ఆర్ఓపి-5 అనే రెండు ప్రోటీన్లను బయటికి వదులుతుంది. రెండోది ఎలుక ప్రోటీన్‌ని కదలకుండా పట్టుకుంటుంది, మొదటిది దాన్ని పనికిరాకుండా చేస్తుంది. ప్రయోగశాల ఎలుక కథ అక్కడితో సరి.

2013లో హోవర్డ్ బృందం అదే ప్రాణాంతక రకాన్ని మసినగుడి చిట్టెలుకల మీద పరీక్షించింది. అవి చావలేదు. తిత్తులు పెట్టుకుని మామూలుగా తిరిగాయి. వాటి ఐఆర్‌జి కుటుంబంలో ఒక సభ్యుడు, రెండు ప్రోటీన్లు కలిపి కుట్టినట్టుండేది, తానే ముందుకు పోయి ఆర్ఓపి-5కి చిక్కుతుంది. పరాన్నజీవి చేతులు దీనితో నిండిపోగా, మిగతావి నింపాదిగా సంచి పగలగొడతాయి. పరాన్నజీవి తెలివితక్కువది కాదని అప్పుడు తెలిసింది. మనం వాడుతున్న ఎలుకే దానికి తగిన జోడీ కాదు. మసినగుడి లాంటి ఎలుకలున్న ఊళ్ళలో ఆ రకం పరాన్నజీవి మర్యాదగానే ఉంటుంది, తిత్తులు కడుతుంది, పిల్లి కోసం చూస్తుంది.

అయితే 2019లో కొలోన్‌తో కలిసి పనిచేసినవాళ్ళు ఇంకో పరీక్ష చేశారు. ఈసారి దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన టాక్సోప్లాస్మా రకాల్ని మసినగుడి చిట్టెలుకలకు ఎక్కించారు. ఎలుకలు చచ్చాయి. ఆ పరాన్నజీవుల ఆర్ఓపి-5 ఆకారం వేరు, మన ఎలుక ఎర దానికి అంటదు. ఇంటి చిట్టెలుక అమెరికా ఖండాల్లో అడుగుపెట్టింది యూరప్ ఓడలెక్కి, గడిచిన అయిదువందల ఏళ్ళలోనే. అంతకుముందు అక్కడి పరాన్నజీవి వేరే జంతువులతో, బహుశా అక్కడి వేరే మూషిక జాతులతో కుస్తీ పట్టి ఉంటుంది. మసినగుడి చిట్టెలుక పూర్వీకులు దాన్ని ఎన్నడూ చూడలేదు, సరిగ్గా ప్లేగు ముందు మద్రాసు ఎలుక నిలబడ్డట్టే.